క్రిస్పులో చచ్చిన బొమ్మలు

స్పెయిన్ చిత్రకళ చరిత్రను రాసిన పెద్దలు రాజుల గడ్డాలకు ఒక అధ్యాయం, రాణుల గౌన్లకు ఒక అధ్యాయం, సిలువకు కొట్టిన మేకులకు రెండు అధ్యాయాలు కేటాయించారు. క్రిస్పులో మాన్సెరా మధ్యాహ్నపు కునుకుకు మాత్రం పుట అడుగున చిన్న అక్షరాల్లో ఒక్క వాక్యం కూడా దక్కలేదు. ఇది క్షమించరాని లోపం. ఆ కునుకే లేకపోతే, ఎద్దు కొమ్ముకు బలైన వీరుల బొమ్మల్లో సగం మా కాలంలో పుట్టేవే కావు. పుట్టిన సగంలోనైనా చచ్చినవాడు చచ్చినట్టు ఉండేవాడు కాదు.

ఆ కునుకు సెవియాలో, నదికి ఇవతల మా త్రియానా పేటలో, కుండల బట్టీ వెనక జరిగేది. క్రిస్పులో ఆ బట్టీలో కుండలు పేర్చే పనివాడు. శనగల పులుసు తిని, కుండల మధ్య కూరడానికి తెచ్చిన గడ్డికుప్ప మీద వెల్లకిలా పడుకునేవాడు. కుడిచెయ్యి జారి వేలాడేది. తల ఒక పక్కకు వాలేది. పెదాలు కొంచెం విడివడి, చివరిమాట ఏదో చెప్పబోయి మానుకున్నట్టు ఉండేవి. మొహాన ఎంత ప్రశాంతత అంటే, చూసినవాళ్లకు తమ పాపాలు గుర్తొచ్చేవి.

ఒక వేసవి మధ్యాహ్నం, పూలకుండీ కొనడానికి వచ్చిన చిత్రకారుడు దోన్ బల్దోమేరో ఆ దృశ్యం చూశాడు. టోపీ తీశాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. సిలువ గుర్తు వేసుకుని, పోయినవాడి ఆత్మశాంతికి ఒక ప్రార్థన పూర్తిచేసి రెండోది మొదలుపెట్టాడు. అప్పుడు శవం గురకపెట్టింది.

"ఒరేయ్, బతికే ఉన్నావా?"

"మూడింటిదాకా లేనండి," అన్నాడు క్రిస్పులో కళ్లు తెరవకుండానే. "బట్టీ యజమాని పంపించారా?"

"నీకు చావడం ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు దొరా. మా ఇంట్లో అందరం ఇలాగే పడుకుంటాం."

ఆ సాయంత్రానికే క్రిస్పులో కుండల పని వదిలి చచ్చే పనిలో చేరాడు.

దోన్ బల్దోమేరో గీసేవి ఎద్దుల పోరు బొమ్మలు. పోరు బొమ్మలంటే, గోదాలో గెలిచి గులాబీలు ఏరుకునే వీరుడివి కావు. అవి ఎవరైనా గీస్తారని ఆయన అభిప్రాయం. ఆయన గీసేది ఓడినవాణ్ణి. ఎద్దు కుమ్మాక, ప్రార్థనామందిరంలో బల్ల మీద పడుకోబెట్టిన తొరేరో, అంటే ఎద్దుతో పోరాడేవాడు, పక్కన పాదిరి, మూల ఏడుస్తున్న ఆడమనిషి, తలుపు దగ్గర తలలు వంచుకున్న జట్టువాళ్లు. ఈ తరహా ఎంచుకోవడానికి ఆయన చెప్పే కారణం విషాదంలోని మహోన్నతత్వం. అసలు కారణం ఆయన దగ్గరున్న ఒకేఒక్క జరీ దుస్తు. ఎప్పుడో ఒక సన్నపాటి తొరేరో దగ్గర పాతది కొన్నాడు. అది క్రిస్పులోకు వీపున మూసుకునేది కాదు. వెనక జానెడు వెడల్పున చొక్కా కనిపించేది. కాబట్టి ఆ దుస్తులో ఉన్నవాడు వెల్లకిలా చచ్చి తీరాల్సిందే.

మొదట్లో నెత్తురు కోసం కబేళానుంచి నిజమైనదే తెప్పించేవాడు. ఈగలు ముసిరి శవం గోక్కునేది. తర్వాత నూనెలో ఎర్రమిరప పొడి కలిపి పూయడం మొదలుపెట్టాడు. రంగు అద్భుతం. వాసన ఇంకా అద్భుతం. గంట గడిచేసరికి శవం కడుపు అరిచేది.

"క్రిస్పులో! పాదిరి నీ చివరి ఒప్పుకోలు వింటున్నాడు. అది ఏం శబ్దం?"

"ఆకలి దొరా. ఈ వాసనకి రొట్టె ముక్క ఉంటే అద్దుకు తినేవాణ్ణి."

"నీ గాయంలో రొట్టె అద్దుకుంటావా?"

"నాదే కదండీ."

ఏ ఊరికి ఎంత నెత్తురు పంపాలో దోన్ బల్దోమేరోకు బాగా తెలుసు. మాడ్రిడ్ ప్రదర్శనకు వెళ్లే బొమ్మలో కన్నీళ్లు ఎక్కువ, నెత్తురు తక్కువ. పారిస్ వెళ్లేదానికి నెత్తురు ఎక్కువ, కన్నీళ్లు అక్కర్లేదు. లండన్ వాళ్లకు మనిషి ఎలా పోయినా ఫర్వాలేదు, గోదాలో బల్లెంవాడు ఎక్కే గుర్రానికి మాత్రం ఏమీ కాకూడదు. గుర్రం పేగులు బయటపడ్డ బొమ్మ ఒకటి అక్కణ్ణుంచి వెనక్కి వచ్చింది. ఆయన ఓపిగ్గా పేగులు కడుపులో పెట్టి, పైన గడ్డి పెంచి, అదే బొమ్మను మళ్లీ పంపించాడు.

క్రిస్పులో మాత్రం అసలు పోరు చూసింది ఒక్కసారే. అదీ మొదటి ఎద్దు సగందాకా. తిరిగొచ్చి రెండు రోజులు పనిలోకి రాలేదు. మూడోరోజు జరీ దుస్తు వేసుకుంటూ అడిగాడు:

"దొరా, మీ బొమ్మల్లో గుర్రం అరవదేం?"

"బొమ్మలో అరుపు ఎలా గీస్తాంరా?"

"అక్కడ అది ఆగకుండా అరిచింది. దాని పేగులు రిబ్బన్లలా లేవు దొరా. ఆవిరి వస్తోంది వాటినుంచి. నా పక్కన కూర్చున్నాయన నారింజ ఒలుచుకుంటున్నాడు."

దోన్ బల్దోమేరో చాలాసేపు కుంచె కడుక్కున్నాడు. "పడుకో," అన్నాడు చివరికి. ఆ రోజు బొమ్మలో నెత్తురు బాగా తగ్గింది.

ఇలా కొన్నేళ్లు క్రిస్పులో ఏ ఇబ్బందీ లేకుండా చచ్చాడు. చిక్కంతా రంగుల అచ్చుతో వచ్చింది. పేరుమోసిన తొరేరోను మా దగ్గర మాస్టారు అంటారు. బార్సెలోనాలో ఎవరో "మాస్టారి తుదిశ్వాస" అనే బొమ్మను గోడకు తగిలించుకునే కాగితం మీద అచ్చువేశారు. అది ఊరూరా ప్రతి సారాకొట్టులోకీ, ప్రతి మంగలి దుకాణంలోకీ ఎక్కింది. తొరేరోలు ఎక్కడ కూర్చుని తాగినా, వాళ్ల తల మీద క్రిస్పులో చచ్చిపడి ఉండేవాడు.

తొరేరోలు ధైర్యవంతులు. వాడి కొమ్ముల ఎద్దుకు వెన్ను చూపి జనానికి నమస్కారం పెట్టగలరు. కాని మంచం మీద టోపీ కనిపిస్తే ఆ గదిలో పడుకోరు. పసుపుపచ్చ బట్ట కట్టిన పిల్ల ఎదురైతే ఇంటికి తిరిగిపోతారు. అలాంటివాళ్లకు గోడమీది శవం వీధిలో ఎదురై "దేవుడు మేలుచేయు గాక" అంటే ఎలా ఉంటుంది? చెక్క కనిపిస్తే చెక్క, ఇనుము కనిపిస్తే ఇనుము తాకి, "బల్లి, బల్లి" అని గొణుక్కుంటూ పక్క సందులోకి దూరేవాళ్లు. కీడు పోవడానికి మా దేశంలో బల్లిని తలుచుకుంటాం. క్రిస్పులో నడిచిన వీధి వీధంతా బల్లులే.

ఇదంతా అతను పట్టించుకునేవాడు కాదు, రేయెస్‌ను ప్రేమించకుండా ఉంటే.

వంతెన మొదట్లో ఉన్న సారాకొట్టు రేయెస్‌ది. ఆమె భర్త గోదాలో ఎద్దు మూపున రంగుకాగితాల బల్లేలు గుచ్చేవాడు. పదేళ్లు ఎద్దుల మధ్య గీత పడకుండా తిరిగి, ఒక శుక్రవారం భోజనంలో చేపముల్లు అడ్డుపడి పోయాడు. అప్పట్నుంచి కొట్టు ఆమే నడుపుతోంది. వచ్చేవాళ్లంతా పోరు జట్లవాళ్లే. పోరు రోజున ఒక ఆచారం ఉండేది: త్రియానా తొరేరో ఎవరైనా బండెక్కి, వంతెన దాటి అవతలి ఒడ్డున ఉన్న గోదాకు వెళ్లేముందు, ఆమె గడప బయట ఆగి, ఆమె చేతి గ్లాసుతో మంచినీళ్లు తాగి వెళ్లాలి. అలా తాగి వెళ్లినవాడెవడూ ఇంతవరకు శవమై తిరిగి రాలేదని మా పేట నమ్మకం. గాయాలతో వచ్చినవాళ్ల లెక్క ఎవరూ ఎత్తరు.

క్రిస్పులో రోజూ చీకటి పడ్డాక, జట్లవాళ్లు వెళ్లిపోయాక, వెనక తలుపున వచ్చేవాడు. ఒక రాత్రి అడిగేశాడు.

"ఏమంటావు రేయెస్?"

"ఏమంటాను? నువ్వు మంచివాడివి. తాగవు. కొట్టవు. చెప్పిన చోట పడుంటావు. అంతకన్నా మొగుడికి ఏం కావాలి? కాని నువ్వు బల్ల వెనక నిలబడిన రోజే నా కొట్టు మూత పడుతుందయ్యా. శవం చేతి సారా ఎవరు తాగుతారు?"

"ఆ అచ్చుబొమ్మ గోడమీంచి తీసెయ్యి."

"తీస్తే అరిష్టమట. ఉంటే అరిష్టం, తీస్తే ఇంకా అరిష్టం. వాళ్లతో పడలేక చస్తున్నా." ఆమె చేతులు తుడుచుకుని అతని ఎదురుగా కూర్చుంది. "విను. పోరు రోజున ఒక్క తొరేరో, ఒక్కడంటే ఒక్కడు, నీ చేతి నీళ్లు తాగి వంతెన దాటనీ. ఆ సాయంత్రమే పాదిరికి కబురు పెడతా. తర్వాత ఏమైనా నాది పూచీ."

క్రిస్పులో ముందు తన మొహం మార్చాలనుకున్నాడు. మీసం పెంచాడు. తొరేరోలు నున్నగా గీసుకునేవాళ్లు కాబట్టి, మీసమున్నవాణ్ణి గోడమీది శవం అనుకోరని అతని ఆలోచన. ఫలితం వేరేగా వచ్చింది. "చూశావా, పోయాక కూడా వెంట్రుకలు పెరుగుతాయంటారే, నిజమే!" అని పేటంతా చెప్పుకుంది. ఇద్దరు ముసలమ్మలు వాకిళ్లకు వెల్లుల్లి కట్టారు. దోన్ బల్దోమేరో స్వయంగా కత్తి పట్టుకుని మీసం గీసేశాడు.

తర్వాత దొర కాళ్లే పట్టుకున్నాడు.

"ఒక్క బొమ్మలో నన్ను బతకనివ్వండి దొరా. నిలబడి, ఎద్దును చంపి, టోపీ ఊపుతున్నట్టు. దాన్ని రేయెస్ కొట్టులో తగిలిస్తాం. శవం లేచిందని చూసుకుంటారు."

దోన్ బల్దోమేరోకు మనసు కరిగింది. చట్రానికి కొత్త గుడ్డ బిగించాడు. వీపు కనపడకుండా క్రిస్పులోను గోడకు చేరగిలబెట్టాడు. చేతికి కత్తి ఇచ్చాడు. "గర్వంగా చూడు," అన్నాడు. క్రిస్పులో గర్వంగా చూశాడు. పావుగంటకు గర్వం కళ్లలోంచి జారింది. మరికాసేపటికి మోకాళ్లు వంగాయి. కత్తి చప్పుడు చేస్తూ పడింది. ఎన్నిసార్లు నిలబెట్టినా అతను మెల్లగా, అందంగా, గోడవెంట కిందికి జారిపోయేవాడు. ఆ దుస్తు తొడిగితే చాలు, ఒళ్లు దాని అలవాటు అది చూసుకునేది. నాలుగోరోజు దోన్ బల్దోమేరో ఊరుకోలేక, జారుతున్నవాణ్ణి జారుతున్నట్టే గీసేశాడు. "గోదా గోడవద్ద మాస్టారి మరణం" ఆయన జీవితంలో గొప్ప బొమ్మ అన్నారు. అచ్చువేసినవాళ్లు దాన్నీ అచ్చువేశారు. క్రిస్పులో ఇప్పుడు ప్రతి సారాకొట్టులోనూ రెండుసార్లు చచ్చి ఉన్నాడు.

ఆ వసంతకాలపు తిరనాళ్ల ఆదివారం బార్కేరో పోరు ఉంది. పడవవాడి కొడుకు కాబట్టి బార్కేరో అనేవాళ్లు. త్రియానా మొత్తానికి అతనొక్కడే అసలు మాస్టారు. మితభాషి. ఆ రోజు ఎద్దులు పెద్దవని, కొమ్ములు పైకి తిరిగి ఉన్నాయని పొద్దున్నే కబురొచ్చింది. పొద్దుట్నుంచి ఏమీ తినకుండా, బంగారు జరీలో మెరుస్తూ, సున్నం కొట్టినట్టు తెల్లబడ్డ మొహంతో బండి దిగి రేయెస్ గడప ముందు ఆగాడు. వెనక జట్టు. దాని వెనక సగం పేట.

తలుపు తెరుచుకుంది. రేయెస్ చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడింది. నీళ్ల కూజా, గ్లాసు పట్టుకుని నిలబడ్డవాడు క్రిస్పులో.

"బల్లి, బల్లి, బల్లి!" అని అరిచాడు తెలెస్‌ఫోరో. బార్కేరో జట్టులో అందరికన్నా పెద్దవాడు, పిరికితనంలో కూడా. "మాస్టారూ, కళ్లు మూసుకోండి! గోడమీది శవం నీళ్లు పోస్తోంది!"

"నీ మొహానికి ఎద్దే బల్లి బల్లి అనుకుంటుంది, పో," అంది రేయెస్.

"రేయెస్ అక్కా, నీకేమైనా పిచ్చా? ఇవాళా? ఆ ఎద్దులు చూశావా?"

"ఎద్దుల్ని తర్వాత చూస్తాలే. మాస్టారూ, మీరు చెప్పండి." ఆమె బార్కేరో వైపు తిరిగింది. "ఈ మనిషి ఎవరి చావు చచ్చాడు? తన చావా? కుండలు పేర్చేవాడికి ఎద్దు కొమ్ము చావు ఎక్కణ్ణుంచి వస్తుంది? మీ చావులే కదయ్యా చచ్చింది! మీ అందరికీ రాసిపెట్టినవన్నీ వరసబెట్టి మోసుకుపోతున్నాడు. మీకు ఏం పెట్టి రుణం తీర్చుకోవాలో తెలీదు గాని, బల్లులు మాత్రం వచ్చు!"

జనం గుసగుసలాడారు. ఇందులో వేదాంతం ఎంతుందో పాదిరి చెప్పాలి గాని, మా పేటకు మాత్రం అర్థమైంది. బార్కేరో క్రిస్పులోను తల నుంచి కాళ్లదాకా చూశాడు.

"కుడి తొడ?" అన్నాడు.

"అదే ఎక్కువండి మాస్టారూ."

"ఎడమ తొడ?"

"ఒక్కటి. మొదట కుడే. మిరప నూనె గిన్నె ఎడమ పక్క ఒలికింది, దొరగారు గాయాన్ని అటు మార్చేశారు."

"పొట్ట?"

"పారిస్ వెళ్లినవన్నీ పొట్టేనండి."

"గుండె?"

"మాడ్రిడ్ పోటీకి. పతకం రాలేదు."

బార్కేరో చెయ్యి తనకు తెలియకుండానే పైకి లేచి గొంతు దగ్గర ఆగింది. గొంతు తగ్గించి అడిగాడు: "మెడ?"

క్రిస్పులో నోరు తెరిచాడు. "అవును" అంటే చాలు. రేయెస్ కళ్లతో అదే చెబుతోంది. కాని బార్కేరో మొహం చూస్తూ అతను ఆ మాట అనలేకపోయాడు.

"మెడ ఎప్పుడూ లేదండి," అన్నాడు.

"చెప్పానా!" అన్నాడు తెలెస్‌ఫోరో. జట్టువాళ్లు వెనక్కి తిరిగారు. రేయెస్ తల పట్టుకుంది.

"ఒక్క నిమిషం, మాస్టారూ," అన్నాడు క్రిస్పులో. కూజా కింద పెట్టాడు. గడప పక్కనున్న రాతి అరుగు మీద వెల్లకిలా పడుకున్నాడు. మెడ ఒక పక్కకు తిప్పి, గొంతు మీద కొమ్ము దిగిన చోటును చేత్తో కప్పుకున్నాడు. ఒకసారి ఒళ్లంతా బిగుసుకుంది. చెయ్యి వదులై, జారి, అరుగు కిందికి వేలాడింది. పెదాలు విడివడ్డాయి. అంతే, పోయాడు.

వీధిలో మగవాళ్లంతా టోపీలు తీశారు. ఎవరో ఆడమనిషి వెక్కింది. తెలెస్‌ఫోరో మోకాళ్ల మీద పడ్డాడు. దొర ఇంట్లో ఎన్నో చావులు చచ్చినా, ఇంత ప్రేమగా ఏదీ చావలేదని తర్వాత అందరం ఒప్పుకున్నాం. బార్కేరో చాలాసేపు ఆ మెడనే చూశాడు. అతని మొహంలోకి రంగు వచ్చింది.

"ఇక ఏమీ మిగల్లేదు," అన్నాడు నెమ్మదిగా. "ఇవ్వు, నీళ్లు తాగుతాను."

క్రిస్పులో లేవలేదు. శనగల పులుసు తిని వచ్చాడు, అది అతని కునుకు వేళ. నిద్రపోయాడు.

"లేపకు!" అన్నాడు బార్కేరో. "లేస్తే చావు చెడిపోతుంది."

"మరి అతని చేత్తోనే తాగాలి!" అంది రేయెస్. ఆ మాట మీదే ఆమె జీవితం నిలబడి ఉంది. గ్లాసు నింపి, వేలాడుతున్న వేళ్లను ఒక్కొక్కటీ విడదీసి, గ్లాసు చుట్టూ మూసింది. త్రియానా మాస్టారు తన బంగారు దుస్తుతో దుమ్ములో మోకరించి, నిద్రపోతున్న కుండలవాడి చేతిలోంచి గ్లాసెడు నీళ్లు చివరి చుక్కదాకా తాగాడు. లేచి, నోరు తుడుచుకుని, బండెక్కాడు.

బండి వంతెన మీదికి ఎక్కగానే రేయెస్ పాదిరికి కబురు పంపింది. పాదిరి వచ్చాడు, వినవలసింది విన్నాడు, పోరు ముగిసేదాకా ఆగుదామన్నాడు. మా పేట రెండుగా చీలింది. మాస్టారికి ఏమైనా అయితే క్రిస్పులోను నదిలో తోసేవాళ్లు ఒక పక్క, ఏమీ కాకపోతే భుజాల మీద ఊరేగించేవాళ్లు ఒక పక్క నిలబడ్డారు. మెడ చావు సంగతి విని దోన్ బల్దోమేరో బొగ్గు, కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఇంకోసారి చచ్చి చూపించరా," అని బతిమాలాడు. అప్పటికి మేలుకున్న క్రిస్పులో రేయెస్ పక్కన అరుగు మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇవాళ్టికి చాలు దొరా," అన్నాడు. అవతలి ఒడ్డున బ్యాండు మోగింది. జనం కేక గాల్లో తేలి వచ్చింది. తర్వాత బాకా వినిపించింది. ఒడ్డున నిలబడ్డ వందలమంది వంతెన వైపు మెడలు చాచారు. అవతలి ఒడ్డునుంచి రాబోయే తర్వాతి శబ్దం కోసం చెవులు రిక్కించారు.

అది ఉరుము. అయిదు నిమిషాల్లో గోదా చెరువైంది. ఎద్దులను విప్పకుండానే పోరు రద్దుచేశారు. పోరు ముగిసిందో, అసలు మొదలే కాలేదో పాదిరి తేల్చుకునేలోపే, మాస్టారు నీళ్లు తాగి వంతెన దాటాడు కదా అంటూ రేయెస్ ఆయన్ని చర్చివైపు నడిపించింది.